గాలికీ పాటుంది

తెల్లరంగు చెక్కపెట్టె,
నాలుగు పక్కలా కిటికీ రెక్కల్లాంటి సందులు,
నిలబడితే నా గుండెల దాకా ఎత్తు.
తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది,
ఎండ లోపలికి తొంగిచూడకుండా.
లోపల రెండు గాజు గొట్టాలు, అక్కాచెల్లెళ్లు.
ఒకతి పొడిగా,
ఒకతి తడిగుడ్డ చుట్టుకొని.

చేరిన రోజు తవిటినాయుడు గారు అన్న మొదటి మాట:
"ముందు ఆ గుడ్డ ఉతకడం నేర్చుకో.
ఉప్పుగాలి ఊరు ఇది. గుడ్డ మురికైతే లెక్కా మురికే."
తడి ఆరుతూ ఆరుతూ వేడిని వెంటబెట్టుకు పోతుంది,
నీళ్లకుండకి చుట్టిన గోనెపట్టా చేసే పనే అది.
గాలికి దాహమైతే అక్కాచెల్లెళ్ల మధ్య ఎడం ఎక్కువ.
గాలి కడుపునిండా తాగి ఉంటే
ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఆగిపోతారు.

దాలమ్మకి ఆ అంకెలతో పనిలేదు.
కళింగపట్నం ఇసుకలో నెత్తళ్లు పరిచి
కంచె అవతల నుంచి కేకేస్తుంది:
"ఒలే గుంటా, రేపు ఎండుతాయా, ఎండవా?
ఆ ఒక్క ముక్క సెప్పు."
నేను ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు కోసి
అయిదు ముక్కలు మబ్బని రాసుకుంటూ
"చూద్దాం" అంటాను.
"సూడ్డానికేనా నీకు జీతం!"

నేల తొందర మనిషి.
పొద్దెక్కగానే కాగుతుంది, పొద్దుగూకగానే చల్లారుతుంది.
సముద్రానికి అన్నీ ఆలస్యమే.
మధ్యాహ్నం నేల మీది గాలి తేలికై లేస్తే
ఆ ఖాళీలోకి తన చల్లదనాన్ని తోస్తుంది.
తెల్లారుజామున అదే తిరగబడి
కొండగాలి పడవల్ని లోపలికి తీసుకుపోయేది,
దాలమ్మ మామ తెరచాప కట్టిన రోజుల్లో.
ఇప్పుడు ఇంజన్లు.
గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు,
వేళకి వస్తూనే ఉంది.

ఒక్కటి మాత్రం చెబితే ఆమె నమ్మలేదు:
గాలికీ పోటూ పాటూ ఉన్నాయని.
పగలు పదికి ఎక్కుతుంది, సాయంత్రం నాలుగుకి దిగుతుంది,
రాత్రి పదికి మళ్లీ ఎక్కుతుంది.
పాదరసం వెంట్రుకవాసి కదులుతుంది, అంతే.
మన నెత్తిన ఉన్న గాలిబరువు
రోజుకి రెండుసార్లు ఊపిరి తీసినట్టు.
"మరి మా కాళ్లు తడవవేటి?" అంది.

అట్లతద్ది ముందు రాత్రి.
పదకొండున్నర లెక్క. ఎక్కి ఉండాల్సిన వేళ.
టార్చి వేసి చూశాను.
గాజు మీద గోటితో తట్టి మళ్లీ చూశాను.
ఎక్కలేదు.
ఎనిమిదిన్నరప్పటి కంటే రెండు గీతలు కిందే ఉంది.
బయట ఆకు కదలడం లేదు. చుక్కలున్నాయి.
గాలివేగం గడిలో సున్నా రాశాను.
ఆ సున్నా లోపల ఏదో తిరుగుతున్నట్టనిపించింది.

విశాఖకి అంకెలు చెప్పేసి
చెప్పుల్లేకుండా కంచె దాటాను.
"దాలమ్మా, గాలికి పాటొచ్చింది. పోటు మరిచిపోయింది."
ఆమె ఆకాశం చూసింది. నన్ను చూసింది.
ఏమీ అనకుండా
నెత్తళ్లని వలతో సహా చుట్టడం మొదలుపెట్టింది.

తుఫాను మా మీదికి రాలేదు.
బారువ దాటి ఒడిశాలో ఎక్కడో గట్టెక్కింది.
మాకు మూడు రోజుల ముసురు, నూట పన్నెండు మిల్లీమీటర్లు.
ఇంట్లో కుప్పేసిన నెత్తళ్లు ఉమ్మదీసి పురుగుపట్టాయి.
"నీ పాదరసం నన్ను ముంచింది గదే" అని
వారం రోజులు తిట్టింది.
ఏ గడిలో రాయను ఆ తిట్టుని?

బీరువాలో తవిటినాయుడు గారి చేతిరాత ఉంది.
ముప్ఫై ఏళ్ల వానలు, నీలం సిరా,
అక్కడక్కడా చెమ్మకి అలుక్కుపోయి.
ఒకరోజుది వాతావరణం,
ముప్ఫై ఏళ్లు కూడి భాగిస్తే శీతోష్ణస్థితి, అనేవారు.
ఈ ముసురు కూడా ఆ కూడికలో కలిసిపోతుంది.
సగటులో ఎవరూ తడవరు.
సగటులో చేప కుళ్లదు.

నిన్న రాత్రి మళ్లీ కంచె దగ్గర నిలబడింది.
ఎండుతాయా అని అడగలేదు.
"నీ గాలి ఎక్కిందా?" అంది.
ఇంకా పది కాలేదన్నాను, గుడ్డ మారుస్తూ.
"అయితే ఉంటాను" అని
తట్ట బోర్లించుకుని కూచుంది.